మగ్గపు మ్రోతపై మరియొక మ్రోత

భివండీ నగరమందలి మర మగ్గముల యజమానులకును, ఆసాములకును, పద్మశాలి సంఘముల పెద్దలకును అంజూర్ ఫాటా నుండి ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు నమస్కరించి వ్రాయు బహిరంగ లేఖ.

అయ్యలారా,

ఇరువది యెనిమిది సంవత్సరములు ఈ పట్టణమున తెలుగు బడిలో మన నేతవారి బిడ్డలకు అక్షరములు దిద్దించి, ఇప్పుడు అంజూర్ ఫాటాలో రైలు పట్టాలకు అల్లంత దూరమున ఒక చిన్న గదిలో శేషజీవితము గడపుచున్న వాడను. మా తండ్రి బ్రతుకుదెరువునకై కరీంనగరము జిల్లా నుండి ఒక సంచియు, ఒక దుప్పటియు చంకన బెట్టుకొని భివండీ వచ్చి, ముప్పదేండ్లకు పైగా సాంచాలనబడు మర మగ్గములు నడిపి, ఈ నేలలోనే కలిసిపోయెను. మీలో అనేకుల తండ్రులును, తాతలును ఆ విధముగ వచ్చినవారే యగుటచేత, దీనిని పరాయివాడు వ్రాసిన ఫిర్యాదుగా గాక ఇంటివాడు ఇంటివారితో చెప్పుకొను మాటగా చదువవలసినదని ప్రార్థించుచున్నాను. నేను విన్నవింపబోవునది కూలి విషయము కాదు, బోనసు విషయము కాదు. మన కుర్రవాండ్ర చెవుల విషయము.

గడచిన వానకాలమున ఒక రాత్రి తొమ్మిది గంటలకు, నా పూర్వ విద్యార్థి యొకని తల్లి ఊరి నుండి నాకు ఫోను చేసెను. "మా పోరనికి ఫోన్ జేస్తె ఎత్తుతడు సార్, కని మోత తప్ప వాని మాట ఒక్కటి ఇనవడది. పెద్దనాయనకు పానం బాగలేదని జర చెప్పుండ్రి" అని ఆ తల్లి ప్రాధేయపడగా, గొడుగు పట్టుకొని వాడు పనిచేయు కార్ఖానాకు బోయితిని. రేకుల కప్పు క్రింద రెండు వరుసలుగా నిలిచిన సాంచాల నడుమ, ఇరుప్రక్కలకు ఒరిగి నడువవలసిన ఇరుకు త్రోవలో, తన వంతునకు వచ్చిన ఆరు సాంచాలను చూచుకొనుచు, చెవులలో రెండు తెల్లని ఇయర్‌ఫోన్లు పెట్టుకొని వాడు తిరుగుచుండెను. నన్ను చూచి నవ్వి ఒక చెవి నుండి దానిని తీసెను. వాని చెవికి నా నోరు ఆనించి అరచితిని. వాడు తల యడ్డముగ నూపెను. మరల అరచితిని, వాడు నా పెదవుల వంక చూచెనేగాని మాట వానికి అందలేదు. కట్టకడపటికి బీములపై గుర్తులు పెట్టుటకు వాడు జేబులో నుంచుకొన్న సుద్దముక్కను తీసుకొని, బడిలో వ్రాసినట్లే గోడమీద, "పెద్దనాయనకు బాగులేదు, ఇంటికి ఫోను చేయుము" అని వ్రాసితిని. వాడు చదివి, సరేయని తలయూపి, ఇయర్‌ఫోనును మరల చెవిలో దోపుకొని, దారము తెగి ఆగిపోయిన నాలుగవ సాంచా వైపు పరుగెత్తెను.

మరునాటి యుదయము డ్యూటీ దిగి వాడు నేరుగ నా గదికి వచ్చి, ఊరి సంగతి మాట్లాడుకొని, ఫోనును, ఇయర్‌ఫోన్లను బల్లమీద నుంచి, మొగము కడుగుకొనుటకు పెరటిలోనికి బోయెను. పాట ఆగలేదు. బల్ల కావలి ప్రక్కను కూర్చున్న నాకు ఆ పాట మాట మాటకు స్పష్టముగ వినవచ్చెను. కుతూహలముతో ఒక దానిని చెవిలో పెట్టుకొంటిని. సూదితో పొడిచినట్లయి తత్‌క్షణమే లాగివేసితిని. వాడు మొగము తుడుచుకొనుచు వచ్చి, తానును పెట్టుకొని చూచి, తానే ఉలికిపడి, "గింత సౌండా! రాత్రి గిది సరిగ్గనె ఉండె గద సార్" అనెను. వాడు రాత్రి నుండి ఆ ధ్వనిని పెంచనూ లేదు, తగ్గించనూ లేదు. పెద్దగా నున్నదని వానికి తోచకుండ చేసినది మీయొక్కయు, నాయొక్కయు, మన యందరియొక్కయు అన్నము పుట్టించు ఆ సాంచాల మ్రోతయే.

అయ్యలారా, నేను ఈ లేఖలో చెప్పదలచినది ఈ యొక్క మాటలోనే యున్నది. ఇయర్‌ఫోన్ల వలన యువకుల చెవులు పాడగుచున్నవని పత్రికలలో వచ్చినప్పుడెల్ల మనము కుర్రవానిని నిందింతుము. సోకు అందుము, మొండితనమందుము. ఊరక కూర్చుండి పాట వినువాని విషయమున ఆ మందలింపు కొంత చెల్లును. మన కుర్రవాడు మాత్రము మ్రోతను మ్రోతతో కప్పుకొనుచున్నాడు. వాని చెవిలోని పాట వాని దోషమని తీర్పు చెప్పుటకు ముందు, ఆ పాటను అంత ఎత్తునకు తరిమిన దేదియో చూడవలసియున్నది.

మన పెద్దలు గుంత మగ్గముపై నేసినప్పుడును ధ్వని లేకపోలేదు. నాడె ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు జారు చప్పుడును, పలక కొట్టు చప్పుడును ఉండెడివి. ఐనను ఆ చప్పుడు మనుష్యుని మాటకు చోటిచ్చెడిది. నేయువాడు నేయుచునే భార్యతో ఇంటి సంగతులు మాట్లాడెడివాడు; కండెలు చుట్టు ముసలమ్మ కథ చెప్పెడిది; పాట పాడువాని పాటకు మగ్గమే తాళము వేసెడిది. తామరతూటి నారతో దేవతలకు వస్త్రములు నేసెనని మన కులమువారు చెప్పుకొను భావనా ఋషి వంశమున పాటకును పనికిని వైరము లేకుండెను. మర మగ్గము వచ్చి కూడు పెట్టినది, కాదనను. కాని అది మొదట పుచ్చుకొన్నది మన మాటను, పాటను. పండ్రెండు గంటల పాళీలో పక్క సాంచా వానితో ఒక్క మాట మాట్లాడవలె నన్నను కనుసైగలు, చేతి సైగలు తప్ప గత్యంతరము లేకపోయెను. పందొమ్మిదేండ్ల వాడు, తలిదండ్రులకు ఎనిమిది వందల కిలోమీటర్ల దూరమున, రాత్రి రెండుగంటల వేళ, నిద్ర మీదికి వచ్చుచుండగా, పోయిన ఆ పాటను మరల వెదకికొని చెవిలో దాచుకొన్నాడు. దీనిని సోకు అనుటకు నాకు మనసొప్పదు.

అయినను చెవికి కారణములతో పని లేదు. అది దెబ్బలను మాత్రమే లెక్కపెట్టును. నాడె గల సాదా సాంచాలు నిండిన షెడ్డులో ధ్వని సాధారణముగ 95 నుండి 100 డెసిబెల్లుల ప్రాంతమున నుండును, ఒక్కొక్కచోట అంతకు మించియు నుండును. నిమిషమునకు నూటికి పైగా మార్లు కర్ర వచ్చి నాడెను కొట్టుటయు, నాడె పోయి పెట్టెను గుద్దుటయు జరుగుచుండ, ఆ కొట్టుళ్ళన్నియు రేకుల కప్పుకు, సిమెంటు నేలకు తగిలి మరలి వచ్చి ఒకదానిలో నొకటి కలిసిపోవును. డెసిబెల్లుల లెక్క మన రూపాయల లెక్క వంటిది కాదు. మూడు పెరిగిన ధ్వనిశక్తి రెట్టింపగును, పది పెరిగిన పదింతలగును. 85 డెసిబెల్లుల చోట ఎనిమిది గంటలు పనిచేసినవాని చెవికి ఎంత బరువు పడునో, 94 డెసిబెల్లుల చోట ఒక్క గంటలో అంత బరువు పడునని శ్రవణశాస్త్రజ్ఞుల గణన. మన షెడ్డులో పాట వినబడవలెనన్నచో ఆ మ్రోతను మించి పాడవలెను. చిన్న ఇయర్‌ఫోన్లు సైతము పూర్తి సౌండునకు నూరు డెసిబెల్లులు దాటగల శక్తి గలవే. ఫోనులు కొన్ని, సౌండు మితిమీరుచున్నదని తెరపై హెచ్చరిక చూపును. కుర్రవాడు చదువకయే బొటనవ్రేలితో దానిని త్రోసివేయును. చదివినను ప్రయోజనమేమి? తనలోని పాటను కొలచు ఆ ఫోనుకు బయటి సాంచా సంగతి తెలియదు.

చెవి లోపల కర్ణభేరికి ఆవల, నత్తగుల్ల వలె చుట్టలు తిరిగిన కర్ణావర్తమను భాగమున్నది. దానిలో, వెండ్రుకల కుచ్చులు తలపై ధరించినట్లుండు సూక్ష్మ కణములు, ఒక్కొక్క చెవికి సుమారు పదునైదు వేలు, లోపల నొక వరుసగను వెలుపల మూడు వరుసలుగను నిలిచియుండును. పడుగు దారములు అచ్చులో నిలిచినట్లని చెప్పిన మీకు సులభముగ తెలియును. ధ్వని వచ్చినపుడు ఇవి ఊగి నాడికి వార్త పంపును. మితిమీరిన ధ్వనికి మొదట ఇవి సొమ్మసిల్లును. డ్యూటీ దిగినవెంటనే చెవి దిబ్బడ వేసినట్లుండుటయు, పండుకొన్నప్పుడు లోపల సన్నని ఈల మ్రోగుటయు ఇందువలననే. ఒక దినము విశ్రాంతి దొరికిన తేరుకొన్నట్లే యుండును. ఈ తేరుకొనుటయే మనలను మోసపుచ్చుచున్నది. 2009లో కుజావా, లిబర్మన్ అను ఇరువురు అమెరికా పరిశోధకులు ఎలుకలకు కొంతసేపు పెద్ద ధ్వని వినిపించి చూడగా, వినికిడి పరీక్షలో కొలది వారములకు అవి పూర్వమువలె తేరుకొన్నట్లు కనబడినను, కణములను నాడులతో కలుపు సంధులలో సుమారు సగము శాశ్వతముగ తెగిపోయినట్లు తేలినది. పడుగు దారము తెగిన ముడివేసి సాంచా నడిపింతుము. కర్ణావర్తములో తెగినదానికి ముడి వేయు విద్య ఇంకను ఎవరును కనిపెట్టలేదు, మనుష్యునికి ఒకసారి చచ్చిన కేశకణము మరల మొలవదు.

మ్రోత వలన వచ్చు చెవుడు అన్ని ధ్వనులను ఒక్కసారి హరింపదు. అది మొదట 4000 హెర్ట్జుల ప్రాంతపు సన్నని ధ్వనులను కొరుకును. మాటలో అచ్చులకు బలము క్రింది ధ్వనులలో నుండును. స, శ, చ, త వంటి హల్లుల పదును పై ధ్వనులలో నుండును. కాబట్టి అట్టి చెవికి మాట వినబడును, మాటలోని అక్షరములు వినబడవు. మా తండ్రి చివరి పదునాలుగు సంవత్సరములు ఇదే స్థితిలో నుండెను. "ఇనవడ్తది బిడ్డా, కని సమజ్ గాదు" అని ఎన్నిమార్లు అనెనో! అందరును ఆయనను చెవిటివాడనిరి. కొందరు మతి తప్పినదనిరి. ఇంటిలో నలుగురు కూర్చుండి నవ్వుకొనునప్పుడు ఏమియు తెలియకపోయినను ఒక క్షణము ఆలస్యముగ తానును నవ్వెడివాడు. ఆ ఆలస్యపు నవ్వు నేనిప్పటికిని మరువలేదు. చివరకు నవ్వుట కూడ మాని, గోడ వైపు తిరిగి కూర్చుండుట అలవాటు చేసికొనెను.

ఆయనకు అది ఏబదియారవ యేట వచ్చినది. ఇయర్‌ఫోను లేని కాలమది, సాంచా ఒక్కటే కొట్టినది. ఇప్పుడు రెండును కలిసి కొట్టుచున్నవి గనుక నేను భయపడుచున్నాను. నా యొద్ద చదివి సాంచాలకు బోయిన పిల్లలు ఇరువదిరెండు, ఇరువదియైదు ఏండ్ల వారు నన్ను చూడవచ్చినపుడు, నేను అటు తిరిగి మాట్లాడిన వెంటనే "ఏంది సార్?" అనుట కొన్నేండ్లుగ గమనించుచున్నాను. ఒకనాడు ఇట్టివాడొకడు బ్యాంకు కాగితము నింపుటకై రాగా, నేను నోటితో చెప్పుచుండ వాడు వ్రాయుచు, "చాలు" అన్నచోట "పాలు" అని వ్రాసెను. ఐదవ తరగతిలో ఉక్తలేఖనమున ఒక్క తప్పు లేకుండ వ్రాసిన బిడ్డ వాడు. వాడు నవ్వి దిద్దుకొనెను. నాకు నవ్వు రాలేదు.

2025 ఫిబ్రవరిలో ఢిల్లీ నుండి కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టర్ జనరల్ అన్ని రాష్ట్రములకు ఒక లేఖ వ్రాసెను. ఇయర్‌ఫోన్లను అనవసరముగ వాడరాదనియు, వాడినను ధ్వని 50 డెసిబెల్లులకు మించరాదనియు, దినమునకు రెండు గంటలు దాటరాదనియు, నడుమ విరామమీయవలెననియు దాని సారాంశము. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు అంతకుముందే, 2015 నుండి, నూరు కోట్లకు పైబడిన యువజనులు ఇట్టి శ్రవణము వలన ప్రమాదమున నున్నారని చెప్పుచు, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘముతో కలిసి, పెద్దవారికి వారమునకు 80 డెసిబెల్లుల వద్ద నలువది గంటలు పరిమితి యని ప్రమాణము నిర్ణయించిరి. ఇవి మంచి మాటలు. పుణెలోనో హైదరాబాదులోనో చల్లని గదిలో కంప్యూటరు ముందు కూర్చున్న పిల్లవాడు వీటిని శిరసావహింపవలసినదే. అయితే మన షెడ్డులోనికి ఈ లేఖను తీసికొనిపోయి చదివి చూడుడు. 95 డెసిబెల్లుల నడుమ 50 డెసిబెల్లుల పాట అనగా, వరదలో నిలిచినవానితో కాలు తడువకుండ చూచుకొనుమనుట. వాని పాటను సున్నకు తగ్గించినను వాని చెవికి రక్షణ లేదు. వాడు చెవులలోని వానిని తీసి జేబులో వేసికొన్న మరుక్షణము సాంచా వానికొరకు కాచుకొనియే యున్నది. కనుక ఆ లేఖకు మన యూరి నుండి పోవలసిన జవాబు వ్రాయవలసినవారు ఆ కుర్రవాండ్రు కారు, మీరు.

మీలో కొందరు కార్ఖానాలలో ఇయర్‌ఫోన్లను నిషేధించి, దొరికినవాని వద్ద జరిమానా గుంజుచున్నారని వింటిని. వారి ఉద్దేశమును నేను పూర్తిగ తప్పుపట్టను. పాట వినుచున్నవానికి సాంచా పలుకు తెలియదు; అనుభవము గల పనివాడు కండె అయిపోవుటయు, నాడె అడ్డము తిరుగుటయు మ్రోతలోని తేడాను బట్టియే పసికట్టును; నాడె ఎగిరి వచ్చి తగిలి కన్నుపోయిన వారు మన బస్తీలలో నున్నారు. అంజూర్ ఫాటా వద్ద గోదాముల లారీలు సందు లేకుండ పోవు రోడ్డును చెవులు మూసికొని దాటు పిల్లలను చూచిన నా ప్రాణము గుటుక్కుమనును. కాని నిషేధించి ఊరకున్నచో, ఉన్న రెండు మ్రోతలలో చిన్నదానిని మాత్రము తీసివేసి, పెద్దదానిని వాని కప్పగించి, వానికున్న ఒక్క తోడును లాగుకొన్నట్లగును. రెండవనాడు వాడు గుట్టుగ, ఒక్క చెవిలో, తలకు రుమాలు కట్టి మరల పెట్టుకొనును. ఒక వస్తువును తీసికొనునప్పుడు దాని స్థానమున వేరొకటి ఈయవలెను.

ఈయవలసిన వస్తువు చాల చిన్నది. ఫోముతో చేసిన మెత్తని చెవిబిరడాలు జత కొలది రూపాయలకే దొరకును. వ్రేళ్ళ నడుమ సన్నని వత్తివలె నలిపి, ఎదుటి చేతిని తలమీదుగ త్రిప్పి చెవిదొప్పను పైకి, వెనుకకు లాగి, లోపలికి దోపి, అది ఉబ్బి చెవిని నింపువరకు అరనిమిషము వ్రేలితో అదిమి పట్టవలెను. ఇట్లు పెట్టినచో పదునైదు ఇరువది డెసిబెల్లుల మ్రోత తగ్గును. పైపైన ఆనించి విడిచినచో ఏమియు తగ్గదు. దూదిని, గుడ్డపేలికను దోపుకొనుట మన పాత అలవాటు. దాని వలన ధైర్యము కలుగును గాని చెవికి దక్కునది స్వల్పము. ఇక మ్రోతను చంపునట్టి ఖరీదైన ఇయర్‌ఫోన్లున్నవి గదా యందురు కొందరు. అవి విమానపు హోరు వంటి ఎడతెగని మందధ్వనిని తగ్గించుటలో గట్టివే. కర్ర నాడెను కొట్టు ఠపీమను దెబ్బను పట్టుకొనజాలవు. వానిపై మన కుర్రవాడు ఒక నెల పగారు తగలవేయనక్కర లేదు.

బిరడాల కంటె ముందుగ మీ చేతిలో నున్నది సాంచాయే. వదులైన బోల్టు, అరిగిన పికరు, పగిలిన బఫరు, నూనె చూడని బేరింగు, ఇవి ఒక్కొక్కటి మ్రోతను పెంచునవే. సాంచాలు బాగుచేయు జాబరు వీనిని బట్ట చెడినపుడు మాత్రమే చూచును, చెవి చెడునపుడు చూడడు. సాంచా కాళ్ళ క్రింద రబ్బరు దిమ్మెలు వేయించిన నేల అదరుట తగ్గును. పాత సాంచాలను మెరుగుపరచుటకు ప్రభుత్వము వారు పథకములు పెట్టినపుడు మీరు ముంబయిలోని టెక్స్‌టైల్ కమిషనర్ కార్యాలయము చుట్టు తిరిగి కాగితములు పెట్టుకొన్నవారే. అట్టి అర్జీలో బట్ట నాణ్యమును, ఉత్పత్తిని వ్రాసిన చోట షెడ్డు మ్రోత తగ్గింపును గూర్చి ఒక్క వాక్యము అడిగినవారు మీలో నెందరు?

"మేమును ఇవే సాంచాల నడుమ పెరిగినాము, మాకేమైనది?" అని నా ముఖముననే యన్న యజమాని యున్నాడు. ఆయన పేరు చెప్పను, నాకు కావలసినవాడు. ఆ మాట ఆయన నాతో అనినప్పుడు మా నడుమ రెండు మూరల దూరము మాత్రమే యున్నను, వీధి చివరి వానిని పిలుచు గొంతుతో అనెను. ఆయన ఇంట టీవీ ధ్వని పక్కవాటాకు వినబడును. తనకేమియు కాలేదని ఆయన మనస్ఫూర్తిగ నమ్మియున్నాడు. ఈ చెవుడు వచ్చు తీరే అంత. అది నొప్పి పెట్టదు, రక్తము కార్చదు, ఒకనాడు వచ్చినట్లుండదు.

ఇది కొత్తగ కనిపెట్టిన జబ్బు కాదు. 1700లో ఇటలీ వైద్యుడు రామజ్జీని పనివారల రోగములపై వ్రాసిన గ్రంథమున, వెనిస్ నగరమున ఒక పేటలో దినమంతయు రాగిరేకులను సుత్తులతో కొట్టు కంచరివారు ముసలితనమునకు పూర్తిగ చెవిటివారగుదురని వ్రాసిపెట్టెను. ఇంగ్లండులో లాంకషైరు నేతమిల్లుల స్త్రీలు మ్రోతలో మాట్లాడుకొనలేక పెదవులు విప్పార్చి మూగభాష నొకదానిని కల్పించుకొనిరి. స్కాట్లండులోని డండీ పట్టణమున జనపనార నేయు స్త్రీల చెవులను పరీక్షించి 1965లో టేలర్ మొదలగు వైద్యులు ప్రకటించిన పరిశోధన మనకు మరింత దగ్గరిది. 4000 హెర్ట్జుల వద్ద వినికిడి నష్టము పని మొదలిడిన మొదటి పది పదునైదు ఏండ్లలోనే అధిక భాగము జరిగిపోవునని వారు చూపిరి. అనగా మనము ముసలివారి చెవుడని తలంచునది పడుచుతనముననే వచ్చి, ముసలితనమున బయటపడుచున్నది. పదునెనిమిదవ యేట సాంచా పట్టినవానికి, బిరడా ఈయవలసిన కాలము పదునెనిమిదవ యేడే.

మన దేశపు చట్టమును దీనిని గుర్తించినదే. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టపు మూడవ షెడ్యూలులో, వైద్యుడు ప్రభుత్వమునకు తెలియజేయవలసిన వృత్తిరోగములలో, మ్రోతవలన కలుగు చెవుడు చేరియుండెను. ఆ చట్టము ననుసరించి వెలువడిన నమూనా నియమముల ప్రకారము 90 డెసిబెల్లుల చోట ఎనిమిది గంటలు, 95 చోట నాలుగు, 100 చోట రెండు గంటలే పరిమితిగా నుండెను. మన పాళీ పండ్రెండు గంటలు. ఇట్టి చట్టము కొద్దిమంది పనిచేయు చిన్న షెడ్డులకు వర్తించునా లేదా యను వాదమును వకీళ్ళకు విడిచిపెట్టుదము. కర్ణావర్తమునకు షెడ్డులో ఎందరున్నారో లెక్క తెలియదు.

సంఘముల పెద్దలకు వేరుగ ఒక మనవి. పద్మనగరములోను, కామత్‌ఘర్‌లోను మనకు హాళ్ళున్నవి, మార్కండేయ జయంతికి చందాలు పోగగుచున్నవి, ఊరేగింపులో పెట్టెలు పేర్చి మ్రోగించు డీజేకు అందులో ఎంత పోవుచున్నదో మీకు తెలియును. ఒక్క సంవత్సరము ఆ పెట్టెలలో సగము తగ్గించి, ఆ ధనముతో వినికిడి పరీక్షా శిబిరము పెట్టింపుడు. ముంబయి బాంద్రాలో 1983 నుండి అలీ యావర్ జంగ్ పేరిట జాతీయ వాక్ శ్రవణ సంస్థ యున్నది; మన నిజాము రాజ్యమున పుట్టి పెరిగినవాని పేరది, సికింద్రాబాదులోను దాని శాఖ యున్నది. కేంద్ర ప్రభుత్వపు బధిరత్వ నివారణ కార్యక్రమమును 2006–07 నుండి నడచుచున్నది. మీవంటివారు పదిమంది కలిసి పోయి అడిగిన, పరీక్ష చేయువారిని పిలిపించుకొనుట అసాధ్యము కాదు. సాంచాలకు పోవు ప్రతి కుర్రవానికి మొదటి నెలలో ఒకమారు, ఆపై ఏటేటను ఒకమారు పరీక్ష చేయించి, ఆ కాగితమును వానికే ఈయుడు. 4000 వద్ద గీత క్రిందికి జారినట్లు తన కాగితములో తానే చూచినవాడు, నూరు ఉపన్యాసములకు వినని మాట వినును. వానికి సౌండు తగ్గించుమని నేను చెప్పనక్కర లేదు. షెడ్డుపైని మాడీలలోను, పక్క గోడనంటియు కాపురమున్న ఆడవారిని, చంటిపిల్లలను ఆ శిబిరమునకు మరువకుడు. వారు చెవిలో ఏమియు పెట్టుకొనకయే ఆ మ్రోతలో నిద్రించుచున్నారు.

చివరకు నా యొద్దకు వచ్చిన ఆ కుర్రవాని సంగతి చెప్పి ముగింతును. తన సౌండుకు తానే ఉలికిపడిన ఆ యుదయము, నేను దుకాణమునుండి తెచ్చిన పచ్చని బిరడాల జతను వాని చేతబెట్టి, పెట్టుకొను విధము చూపితిని. వాడు నలిపి, దోపి, పట్టుకొని, కొంతసేపు మెదలక కూర్చుండెను. తరువాత తీసి, "మంచిగనే ఉంది సార్. పాట లేకున్నా నడ్పచ్చు. కని రాత్రి అమ్మ ఫోన్ జేస్తె ఎక్కడ మాట్లాడాలె?" అని యడిగెను. వాని పాళీ రాత్రి ఎనిమిది నుండి ఉదయము ఎనిమిది వరకు. ఆ తల్లి బీడీలు చుట్టి, వంట ముగించి, ఫోను పట్టుకొను వేళ తొమ్మిది. ఆ వేళ వాడు సాంచాలను విడిచి బయటికి వచ్చుటకు లేదు. వచ్చినను కూర్చుండుటకు షెడ్డు వాకిట చోటు లేదు.

నేను వానికి సమాధానము చెప్పలేకపోతిని. అయ్యలారా, పాళీ నడుమ రెండు మార్లు పదేసి నిమిషములు, ఒకరి సాంచాలు ఒకరు చూచుకొనునట్లుగ వంతులు వేసి వారిని బయటికి పంపుడు. షెడ్డుకు కొంచెము దూరముగ, గోడ చాటున, ఒక బెంచీ వేయింపుడు. చెవికి ఆ పదినిమిషములు విశ్రాంతి, వానికి తల్లి మాట. బిరడాల డబ్బా నొకదానిని హాజరు పుస్తకము ప్రక్కన పెట్టింపుడు. పెట్టుకొను విధము చూపువారు లేకున్న నాకు కబురు పంపుడు, ఏ పాళీకైనను, ఏ కార్ఖానాకైనను వత్తును. నా మాట అక్కడ వినబడదని తెలియును. సుద్దముక్క నేనే తెచ్చుకొందును.

ఇట్లు,
మీ పిల్లలకు అక్షరములు నేర్పిన పంతులు,
అంజూర్ ఫాటా, భివండీ